సెకండ్‌హ్యాండ్ బండి కొంటున్నారా? మెరిసే ఇంజన్ చూసి ఆయిల్ లీకు లేదనుకోకండి

ఆటో కన్సల్టెన్సీలో నిలబెట్టిన ఎనిమిదేళ్ల బండికి ఇంజన్ మీద మట్టి మరక కూడా లేదంటే ముందు అనుమానించండి. లీకున్న బండిని అమ్మకానికి తయారు చేసే పద్ధతి ఒకటుంది. పొద్దున్నే డీజిల్‌తో కడుగుతారు, కారే చోట సిలికాన్ పేస్టు పాముతారు, పైన సిల్వర్ స్ప్రే కొడతారు. ఆ పేస్టు నాలుగు రోజులు ఆపుతుంది. డబ్బు కట్టి బండి ఇంటికి తెచ్చుకున్నాక గచ్చు మీద నల్ల మరక మొదలవుతుంది. వెళ్లి అడిగితే "పాత బండికి ఆ మాత్రం మామూలే" అంటారు. మామూలు కాదు. 100 సీసీ బండిలో ఉండేదే లీటరుకు అటూ ఇటూగా ఆయిల్. అందులో పావు వంతు కారిపోయినా తెలియక నడిపితే ముందు దెబ్బ తినేది ఇంజన్ పైభాగమైన హెడ్‌లో వాల్వులు తెరిచే క్యామ్, రాకర్లు.

బండి చూడ్డానికి వెళ్లేముందే ఫోన్ చేసి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఆ రోజుకి బేరం ఆపి ఇంకోసారి రండి. చల్లగా ఉంటే ఫోన్ టార్చి వేసి ఇంజన్‌కు రెండు పక్కలా ఉండే మాగ్నెట్ కవర్, క్లచ్ కవర్ అతుకుల వెంట చూడండి. రెండు భాగాల మధ్య పెట్టే కంపెనీ పేపర్ ప్యాకింగ్ అయితే అతుకులో సన్నటి గీతలా కనబడుతుంది, అంతే. పేస్టు పెట్టింది అయితే ట్యూబు నొక్కినట్టు తాడులా బయటికి ఉబికి ఉంటుంది, గోటితో గీకితే రబ్బరులా ఊడొస్తుంది. బయటికి ఎంత ఉబికిందో లోపలికీ అంతే ఉబికి ఉంటుంది. ఆ లోపలి ముక్క తెగి ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే పైకి ఆయిల్ ఎక్కదు. అందుకే ప్యాకింగ్ ఉండాల్సిన చోట పేస్టు పెట్టిన బండి, లీకవుతున్న బండి కన్నా ప్రమాదం.

తర్వాత వంగి, ఇంజన్ కింద పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు చూడండి. చుట్టూ తెల్ల టేపు గానీ ఎం-సీల్ ముద్ద గానీ ఉందంటే ఇంజన్ కేసులో త్రెడ్ (బోల్టు దిగే మర) దాదాపు పోయినట్టే. అల్యూమినియంలో దిగే 12 మి.మీ. బోల్టుకు సాధారణంగా 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. పొడవాటి పానా పట్టుకుని బలం కొద్దీ బిగిస్తే త్రెడ్ పీకేస్తుంది. లేత్ షాపులో హెలికాయిల్ (కొత్త త్రెడ్‌గా పనిచేసే స్టీలు తీగ చుట్ట) వేయిస్తే పక్కాగా సరిపోతుంది. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజన్ పొడిగా తుడిచి, అనుమానమున్న చోట్ల టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. పది కిలోమీటర్లు నడిపి మెయిన్ స్టాండ్ వేయండి, సైడ్ స్టాండ్ మీదైతే అంతా ఎడమకే జారి లెక్క తప్పుతుంది. పావుగంట ఆగి చూడండి. చుక్క ఎక్కడ పడుతోందన్నది కాదు, పౌడర్ ఎక్కడ తడిసిందో వాటన్నిటిలో పైన, ముందు ఉన్న చోటు ఏదన్నదే చూడాలి. ఆయిల్ కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. స్ప్లెండర్ లాంటి బండ్లలో హెడ్ మీద రెండు గుండ్రటి ట్యాపెట్ మూతలుంటాయి. వాటి ఓ-రింగు గట్టిపడితే ఆయిల్ ఫిన్‌ల (ఇంజన్ రెక్కల) మీదుగా దిగి, చూసేవాళ్లకి హెడ్ ప్యాకింగ్ పోయినట్టే కనబడుతుంది. చిన్న రబ్బరు రింగుతో పోయేదానికి ఇంజన్ దింపించుకోకండి.

ఇంజన్ పక్కన చెయిన్ తిప్పే పళ్లచక్రం, అంటే ముందు వైపు స్ప్రాకెట్ కవర్ కూడా విప్పించి చూడండి. అక్కడ తారులా అంటుకున్నది చెయిన్ లూబ్, దానికి కంగారు లేదు. షాఫ్ట్ కింద పలచగా మెరుస్తూ జారుతుంటే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు సీలు పోయిందని అర్థం. చాలా మోడళ్లలో స్ప్రాకెట్ షాఫ్ట్ సీలు, గేర్ షాఫ్ట్ సీలు బయట నుంచే మారతాయి. సీలు మీదున్న సైజు చూసి తీసుకోవాలి. 20×34×7 అని ఉంటే లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 34, మందం 7 మి.మీ. కొత్తది ఎక్కించే ముందు షాఫ్ట్ మీద గోరు ఆడించండి. గాడి తగిలితే ఎంత మంచి సీలైనా ఆగదు. షాఫ్ట్ పళ్లకు టేపు చుట్టి, సీలు పెదవికి ఆయిల్ రాసి, స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి పెట్టి, సీలు బయటి అంచు సైజు సాకెట్‌తో సమంగా కొట్టాలి. టేపు లేకుండా తోస్తే పెదవి అక్కడే తెగుతుంది. కవర్ ప్యాకింగ్ మార్చేటప్పుడు పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో గీకనివ్వకండి. అల్యూమినియం మీద పడిన గీతే రేపటి లీకు.

కొత్త సీలు వేసిన వారానికే మళ్లీ కారిందంటే డూప్లికేట్ సీలని షాపు మీద పడేముందు బ్రీదర్ పైపు చూడాలి. మెకానిక్ షెడ్లలో ఎక్కువగా వదిలేసేది దీన్నే. పిస్టన్ పక్కనుంచి దిగే గాలి కేసులోంచి ఈ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి పోవాలి. పైపు నలిగినా, మురికి పట్టి మూసుకుపోయినా ఆ ఒత్తిడి సీళ్లను లోపలి నుంచి తోస్తుంది. ఆయిల్ ఎక్కువ పోసినా ఇదే బాధ. మాన్యువల్లో లీటరు కన్నా తక్కువ రాసి ఉంటే లీటరు ఆయిల్ డబ్బా మొత్తం వంచకూడదు. డిప్‌స్టిక్ తీసి వాసన కూడా చూడండి. లెవెల్ గీత దాటి, పెట్రోల్ వాసన వస్తుంటే కార్బురేటర్ ఫ్లోట్ వాల్వు లీకై పెట్రోల్ ఆయిల్లో కలుస్తోంది. అది బాగుచేసి ఆయిల్ మార్చాకే సీళ్ల సంగతి.

బండి ఐడిల్‌లో ఉండగా బ్రీదర్ పైపు ఊడదీసి చూడండి. కాస్త కాస్త గాలి కొడితే సరే. పొగ ఆగకుండా గుప్పుగుప్పున వస్తూ, సైలెన్సర్‌లోనూ నీలం పొగ ఉంటే పిస్టన్ రింగులు అరిగిపోయాయి. అప్పుడు సీలు ఖర్చు కాదు, బోరు, పిస్టన్ ఖర్చు ధరలోంచి తీసేయమనండి. ఒప్పుకోకపోతే ఆ బండి అక్కడే వదిలేసి రండి.