పాప ఎంత తిప్పినా అరవై దాటని సౌండు

చంటిపిల్లలున్న ఇంటికి స్టీరియో కొనేటప్పుడు వాట్లెన్ని, బేస్ ఎంత అని అడిగే ముందు, సౌండుకి లిమిట్ పెట్టే సెట్టింగు ఉందా అని అడగండి. కొన్ని సెట్లలో దాని పేరు మ్యాక్స్ వాల్యూమ్, కొన్నింట్లో వాల్యూమ్ లిమిట్. ఆన్ చేయగానే ఎంత సౌండుతో మొదలవ్వాలో చెప్పే సెట్టింగు కూడా సాధారణంగా దాని పక్కనే ఉంటుంది. విజయనగరంలో మా ఇంట్లో మళ్లీ పాటలు వినబడుతున్నాయంటే ఈ రెండింటి వల్లే. మిగతా ఫీచర్లన్నీ బాక్సు మీదే రాసి ఉంటాయి.

మా పాత ఆంప్లిఫయర్‌కి ఇవేవీ లేవు. పవర్ బటన్ నొక్కితే లోపలికి పోయి అలాగే ఉండిపోయే రకం. వాల్యూమ్‌కి తిప్పే పెద్ద నాబ్. ఎండాకాలం మధ్యాహ్నం నాన్న రేడియో వింటుంటే కరెంటు పోయింది. ఆయన గాలి కోసం వరండాలోకి వెళ్లారు. పాపకి అప్పటికింకా రెండేళ్లు నిండలేదు. మెరిసే ఆ నాబ్ అంటే దానికి మహా ఇష్టం, పట్టుకుని ఆ చివరిదాకా తిప్పేసింది. సౌండు లేదు కదా, ఎవరికీ తెలియలేదు. కరెంటు వచ్చేసరికి పాప సరిగ్గా స్పీకర్ ముందు కూర్చుని ఉంది. రేడియోలో స్టేషన్ పోయింది. ఒట్టి గరగర, అదీ ఫుల్ సౌండులో, ఒక్కసారిగా. కిటికీ అద్దాలు అదిరాయి. "గుంటకి ఏటైందిరా!" అంటూ అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. మా ఆవిడ స్విచ్చి కట్టేసేలోపే పాప గుక్కపట్టింది. చెవుల డాక్టరు చూసి ఏమీ కాలేదని చెప్పేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు స్టీరియో కనిపిస్తే చాలు, పాప రెండు చెవులూ మూసుకునేది.

స్పీకర్లో సన్నని శబ్దాలు పలికించే చిన్న భాగం, ట్వీటర్, ఒకటి కాలిపోయింది. గంటస్తంభం దగ్గర మెకానిక్ విప్పి చూపించాడు. ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి లాగితే సౌండు చీలిపోతుంది, ఆ వేడికి ట్వీటర్‌లోని కాయిల్ మాడిపోతుందట. వెంట్రుకంత తీగ నల్లగా మాడి ఉంది.

కొత్త రిసీవర్, అంటే రేడియో, ఆంప్లిఫయర్ కలిసి ఉండే సెట్టు, విశాఖ వెళ్లి తెచ్చాం. 98 వరకూ అంకెలున్నా లిమిట్ 60 దగ్గర పెట్టాను, ఆన్ చేస్తే 30 దగ్గర మొదలవుతుంది. కరెంటు పోయి వచ్చినా అంతే. నాకు బాగా నచ్చింది ఏంటంటే, అంకె 60 దగ్గర ఆగినా నాబ్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పాప ఎంతసేపు కావాలంటే అంతసేపు తిప్పుకుంటుంది, దాని సరదా దానికి తీరుతుంది. చెవులు మూసుకోవడం ఎప్పుడు మానేసిందో కూడా మేం గమనించలేదు.

కొన్న కొత్తలో బంధువులందరికీ "ఇక టెన్షన్ లేదు" అని చెప్పాను. ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను. లిమిట్ ఆపేది అంకెనే, పాటను కాదు. మా నాన్న మహారాజా సంగీత కళాశాల ఉన్న ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. ఘంటసాల అక్కడే చదువుకున్నారని, సుశీలది ఈ ఊరేనని గర్వంగా చెబుతారు, రోజూ వాళ్ల పాటలే వింటారు. ఆ పాత రికార్డింగులు 45లో మెత్తగా ఉంటాయి. వాటి వెనకే కొత్త సినిమా పాట వస్తే అదే 45లో హాలంతా మోగిపోతుంది. ఇక 60లో అయితే మా చిన్న హాలుకి అది చాలా ఎక్కువ. ఇంకా తగ్గిద్దామంటే ఈ సెట్టులో లిమిట్ 60 కన్నా కిందకి రాదు. ఈ ఒక్క విషయంలో నాకు కోపం. పిల్లలకి వారానికి 40 గంటలు వింటే 75 డెసిబెల్స్ (ఇది సౌండు కొలత, సెట్టు మీది అంకె కాదు) దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) ప్రమాణం. అది ఫోన్లు, ఇయర్‌ఫోన్ల కోసం పెట్టిందే అయినా, ఇంట్లో సౌండుకి నేను దాన్నే లెక్కగా పెట్టుకున్నాను.

అందుకే స్పీకర్లని స్టాండ్ల మీంచి తీసి గోడకి ఎత్తుగా బిగించాం. పాప చెవి ఆనించే వీలు లేదు, స్టాండు మీద పడుతుందన్న భయమూ లేదు. స్పీకర్ల ముందువైపు అయస్కాంతంతో అతుక్కుని ఉండే జాలీని పాప రోజూ ఊడబీకేది, ఆ గొడవా పోయింది. రిమోట్‌కి నాణెం లాంటి బ్యాటరీ కాకుండా మామూలు పెన్సిల్ సెల్స్ పడటం కూడా నయమే. ఆ బిళ్ల బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది.

మాది సొంతిల్లు, గోడలకి చిల్లులు పెట్టుకోగలిగాం. అద్దె ఇంట్లో ఉంటే స్పీకర్లు ఎక్కడ పెడతారో ముందు చూసుకోండి, లిమిట్ ఒక్కటే సరిపోదు. పిల్లలు బడికెళ్లే వయసుకొచ్చిన ఇంటికి దీని కోసం ఇంత డబ్బు పెట్టమని నేను చెప్పను. చంటిపిల్లలుంటే మాత్రం, డబ్బు కట్టే ముందు షాపువాడి చేత ఆ మెనూ తెరిపించి, లిమిట్ ఎంత కిందకి వస్తుందో మీ కళ్లతో చూడండి.