లైసెన్స్ ఉన్నా కారు తీయనివాళ్ల కోసం

విజయవాడ పటమటలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న డ్రైవింగ్ స్కూల్లో, లైసెన్స్ ఉండీ కారు తీయడానికి భయపడేవాళ్లకి విడిగా క్లాసులు చెబుతారు. రామవరప్పాడు రింగ్ అనే పెద్ద కూడలి దగ్గర ఓ లారీ నా కారుని రాసుకుంటూ పోయాక నేను ఆ దారే మానేశాను. గుణదల సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని. అలా పక్కకి తిరగగానే ప్రాణం హాయిగా ఉండేది.

ఆ హాయే అసలు చిక్కు. డిగ్రీ పిల్లలకి నేను చెప్పే సైకాలజీ పాఠమే ఇది. 1953లో సోలమన్, విన్ అనే శాస్త్రవేత్తలు కుక్కలకి ముందు ఒక గుర్తు చూపించి, కాసేపటికి షాక్ ఇచ్చేవాళ్లు. అడ్డు దూకి అవతలికి వెళ్తే షాక్ తప్పేది. తర్వాత షాక్ పూర్తిగా తీసేసినా అవి దూకుతూనే ఉన్నాయి. ఆగితే కదా, షాక్ లేదని తెలిసేది! 2006లో అమెరికాలోని కాల్టెక్ యూనివర్సిటీ పరిశోధకులు మనుషుల మెదడు స్కాన్ చేశారు. డబ్బు గెలిచినప్పుడు చురుకయ్యే, కళ్ల పైన నుదురు వెనక ఉండే ఆర్బిటోఫ్రాంటల్ భాగమే, డబ్బు పోకుండా తప్పించుకున్నప్పుడూ చురుకైంది. అంటే తప్పించుకోవడం కూడా మెదడుకి బహుమతే.

డ్రైవింగ్ మాస్టారు ఇవేమీ చెప్పరు, కానీ చేసేది ఇదే. ముందు పొద్దున్నే ఖాళీగా ఉండే సర్వీస్ రోడ్డు, తర్వాత రింగ్, ఆపైన సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ అదే రింగ్. అరచేతులకి చెమటలు పట్టినా పక్కకి తిప్పనివ్వరు. "ఇంకో రౌండు వేద్దాం మేడం, టెన్షన్ తగ్గాకే ఇంటికి" అంటారు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

నాకు బాగా నచ్చింది బ్రేక్ విషయం. స్కూలు కారులో మాస్టారి కాళ్ల దగ్గర కూడా బ్రేక్, క్లచ్ ఉంటాయి. దానితో, ఏ ప్రమాదమూ జరగకపోయినా "ఆయన బ్రేక్ ఉంది కాబట్టి" అని మెదడు సర్దుకుంటుంది, భయం అలాగే ఉండిపోతుంది. అందుకే చివరి క్లాసులు మన సొంత కారులో పెడతారు. ఈ ఒక్క ఏర్పాటు కోసమైనా ఇక్కడ చేరవచ్చు.

నచ్చనివీ ఉన్నాయి. మనం నడుపుతుంటే మాస్టారు ఫోన్లు మాట్లాడతారు. వాన పడితే క్లాసు రద్దు చేస్తారు. వానలో నడపడమంటేనే భయమున్నవాళ్లకి ఇది చాలా చెడ్డది, రద్దు అనగానే కలిగే హాయి ఆ భయాన్నే పెంచుతుంది. పెద్ద యాక్సిడెంట్ అయ్యి, పీడకలలు వస్తున్నవాళ్లు మాత్రం ముందు సైకాలజిస్టుని కలవండి, ఈ క్లాసులు సరిపోవు.

చేరేటప్పుడే సాయంత్రం స్లాట్లు కావాలని గట్టిగా అడగండి. అడగకపోతే అన్నీ పొద్దుటివే ఇస్తారు.