రోజు భత్యమా, బిల్లులా?

ఐక్యరాజ్యసమితి సిబ్బంది ఆఫీసు పనిమీద టూర్‌కి వెళ్తే బిల్లుల గొడవ తక్కువ. అంతర్జాతీయ సివిల్ సర్వీస్ కమిషన్ ఊరినిబట్టి రోజు భత్యం రేటు కడుతుంది. గది అద్దె, భోజనం, చిల్లర ఖర్చులు అన్నీ అందులోనే. యూనిసెఫ్ అయినా డబ్ల్యూహెచ్‌వో అయినా ఆధారం అదే పట్టిక. మిగిలితే ఉద్యోగికి, మించితే అతని జేబుకి చిల్లు. (అందుకే కొందరు చుట్టాలింట్లో దిగుతారు!) గది ఉచితంగా ఇస్తే మాత్రం భత్యంలో కోత పడుతుంది.

అయిన ఖర్చుకి బిల్లు పెట్టడం రెండో పద్ధతి. పైకి ఇదే నిక్కచ్చిగా కనిపిస్తుంది. టాక్సీ డ్రైవర్ చేత్తో రాసిచ్చిన చీటీ, అక్షరాలు వెలిసిపోయిన హోటల్ రసీదు పట్టుకుని అకౌంట్స్ చుట్టూ తిరిగితే తెలుస్తుంది టెన్షన్.

నా ఓటు భత్యానికే. కాకపోతే పెద్ద సదస్సుల రోజుల్లో హోటళ్లు రేట్లు పెంచేస్తాయి. అప్పుడు గది అద్దె వరకు బిల్లే నయం.