అమ్మాన్ నుంచి బెత్లెహేముకు: అలెన్‌బీ వంతెనా, షేక్ హుస్సేన్ వంతెనా?

జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి బెత్లెహేము పక్కనున్న యెరూషలేముకు గీత గీసినట్టు కొలిస్తే 70 కిలోమీటర్లే. దాదాపు విజయవాడ నుంచి ఏలూరు వెళ్లినంత. మధ్యలో యొర్దాను నది, అది దాటితే 1967 నుంచి ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్. అందుకే ఆ కాస్త దూరానికి ఒక్కోసారి రోజంతా పడుతుంది. పరిశుద్ధ స్థలాల యాత్రకు జోర్డాన్ మీదుగా వెళ్లే మనవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఏ వంతెన దాటాలనే.

అలెన్‌బీ వంతెన యెరికో పక్కనే ఉంటుంది. జోర్డాన్‌వాళ్లు దీన్ని కింగ్ హుస్సేన్ వంతెన అంటారు, పాలస్తీనావాళ్లు అల్ కరామె అంటారు. సొంత కారు, టాక్సీ వంతెన దాటవు, బస్సులో దాటాల్సిందే. సామాను తనిఖీ, ప్రశ్నలు, మళ్లీ కూర్చోబెట్టడం... పెద్దవాళ్లతో వెళ్తే టెన్షన్ తప్పదు. శుక్ర, శనివారాల్లో త్వరగా మూసేస్తారు. 2024 సెప్టెంబరులో అక్కడ కాల్పులు జరిగినప్పుడు వంతెన మొత్తం మూసేశారు.

షేక్ హుస్సేన్ వంతెన ఉత్తరాన, బెత్ షెయాను దగ్గర ఉంది. 1994లో జోర్డాన్, ఇజ్రాయెల్ చేసుకున్న శాంతి ఒప్పందం తర్వాత తెరిచారు. ఇక్కడ రద్దీ తక్కువ. అవతల దిగితే గలిలయ, నజరేతు దగ్గర. కానీ అక్కడి నుంచి బెత్లెహేముకు లోయ వెంట చాలా దూరం దక్షిణానికి రావాలి.

వీసా సంగతి చాలామంది చివర్లో చూస్తారు. అలెన్‌బీ దగ్గర జోర్డాన్ వీసా ఇవ్వరు. అయితే గడువున్న జోర్డాన్ వీసాతో అలెన్‌బీలో దాటి మళ్లీ అలెన్‌బీ మీదుగానే తిరిగొస్తే, సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే రానిచ్చే) వీసా అయినా అదే చెల్లుతుంది. ఆ దారిన వెళ్లడాన్ని జోర్డాన్ ప్రభుత్వం దేశం దాటడంగా లెక్కపెట్టదు. షేక్ హుస్సేన్‌లో దాటితే దేశం విడిచినట్టే, తిరిగి రావడానికి వీసా మళ్లీ కావాలి. ఇజ్రాయెల్ వీసా రెండు చోట్లా ముందే చేతిలో ఉండాలి.

నా మాట: గలిలయతో యాత్ర మొదలుపెడితే, నడవలేని పెద్దవాళ్లుంటే షేక్ హుస్సేన్. నేరుగా యెరూషలేము, బెత్లెహేము చూసి అమ్మాన్‌కే తిరిగొచ్చేవాళ్లకు అలెన్‌బీ, అదీ ఆదివారం నుంచి గురువారం లోపు, పొద్దున్నే.

ఇంకొకటి. అలెన్‌బీలో మన పక్క వరసలో నిలబడే పాలస్తీనా కుటుంబాలకు ఈ రెండింట్లో ఏది మేలన్న ప్రశ్నే లేదు. వెస్ట్ బ్యాంక్‌లో ఉండేవాళ్లు బయటి లోకానికి వెళ్లాలంటే దాదాపు అందరికీ ఆ ఒక్క వంతెనే దారి. అది మూసిన రోజు పెళ్లికెళ్లేవాళ్లు, ఆసుపత్రికెళ్లేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఆగిపోతారు.