యస్నా గూరాలో టికెట్ లేదు, లాడ్జిలో తువ్వాలుకి 15 జ్లోటీలు

పోలండ్‌లో చెన్‌స్టొహోవా వెళ్దామనుకునే మనవాళ్ళకి ముందే చెప్తున్నా, అక్కడి యస్నా గూరా మఠం అద్భుతం, ఊరూ మంచిదే, గది మాత్రం ఫొటోలు చూసి బుక్ చేసుకోకండి.

మేం ఉండేది జర్మనీలో. ఫిరంగిపురం నుంచి అత్తయ్య వచ్చారు. అక్టోబరు జపమాల మాసం కదా, ఆ మఠంలో ఉన్న నల్ల మరియమాత పటాన్ని చూపిస్తే చాలు, ఇంకే ఊరూ తిప్పక్కర్లేదన్నారు. అయినా దారిలో క్రాకో చూపించాం. వావెల్ కేథడ్రల్, లాగెవ్నికిలో పునీత ఫౌస్టీనా సమాధి ఉన్న దివ్యకారుణ్య క్షేత్రం, అంతా సాఫీగా జరిగిపోయింది. అక్కడొక ట్రావెల్ ఏజెంటు చెన్‌స్టొహోవా ట్రిప్‌కి మనిషికి 390 జ్లోటీలు, 'ప్రవేశ రుసుముతో కలిపి' అన్నాడు. మఠానికి అసలు ప్రవేశ రుసుమే లేదు! మా ఆయన ఫోన్‌లో రైలు చూశారు, మనిషికి 48 జ్లోటీలు, రెండు గంటల లోపే దింపేసింది. మాకు జ్లోటీ సుమారు 23 రూపాయలు పడింది, లెక్క మీరే వేసుకోండి.

ఇక ఆ గది. 'మఠానికి అయిదు నిమిషాలు, లిఫ్ట్ ఉంది' అని రాశారు. అయిదు నిమిషాలు కారులో అట. లిఫ్ట్ కూడా ఉంది, కాదనను, పక్క బిల్డింగ్‌లో ఉంది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, నాలుగో అంతస్తు, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఒక మంగళవార్త జపం చెప్పుకుంటూ ఎక్కారు పాపం. రెండు రాత్రులకి 420 జ్లోటీలు ముందే కట్టేశాం. లోపలికెళ్ళాక తలుపుకి అంటించిన కాగితం చూస్తే హీటర్‌కి 60, తువ్వాలుకి 15 చొప్పున అదనం! బయట వణికించే చలి, హీటర్ వద్దనడానికి లేదు. ఓనరు ఫోన్ ఎత్తడు, మెసేజ్ పెడితే మాత్రం క్షణంలో జవాబు, 'షరతుల్లో ఉంది' అని. లేదు. మా ఆయన రాత్రి పదకొండింటికి కూర్చుని ఆ షరతులన్నీ చదివారు, ఎక్కడా లేదు. ఆయన మూడ్ ఎలా ఉందంటే, అత్తయ్య మంచినీళ్ళు కావాల్సొచ్చి కొడుకుని పిలవకుండా నన్ను పిలిచారు.

పొద్దున ఆరింటికి ఆ పటం మీద తెర తీస్తారు. ఎంత నిద్ర పాడైనా ఇది వదలొద్దు. బాకాలు, డోళ్ళు మోగుతుంటే పటాన్ని కప్పిన రేకు మెల్లగా పైకి లేస్తుంది, గుడిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి మోకాళ్ళ మీదకి దిగుతారు. ప్రతి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వెళ్ళే మనిషి మా అత్తయ్య, ఆమెకి జనం కొత్త కాదు, అయినా అక్కడ కాసేపు మాట రాలేదు. ముఖం నల్లగా ఉంటుంది, కుడి చెంప మీద కత్తి గాట్లు. 1430లో దోపిడీకి వచ్చినవాళ్ళు చేసిన పని అని చెప్తే, 'అమ్మ ముఖం మీదకి చెయ్యెలా లేచింది వాళ్ళకి' అని ఇప్పుడే జరిగినట్టు కోప్పడ్డారు. పీఠం వెనక చుట్టూ మోకాళ్ళ మీద నడిచే మొక్కు ఉంది. అత్తయ్య వల్ల కాదు కాబట్టి చెయ్యి పట్టుకుని నడిపించాను.

పౌలీన్ సన్యాసులు 1382 నుంచీ ఇక్కడ ఉన్నారు. 1655లో స్వీడన్ సైన్యం ముట్టడిస్తే మఠాధిపతి కొర్డెట్స్కి లొంగలేదు, మరుసటి ఏడే రాజు యాన్ కజిమియెజ్ మరియమాతని పోలండ్‌కి రాణి అని ప్రకటించాడు. ఈ యుద్ధం కథ అందరూ చెప్తారు. నాకు మాత్రం 1966 సంగతి ఎక్కువ నచ్చింది. ఆ దేశం క్రైస్తవం తీసుకున్నది 966లో, అంటే వెయ్యేళ్ళ పండగ. అప్పటికి కొన్నేళ్ళుగా ఈ పటం నకలుని విచారణలన్నీ, అంటే పారిష్‌లన్నీ, తిప్పుతున్నారు. కమ్యూనిస్టు ప్రభుత్వం ఆ నకలుని పట్టుకొచ్చి మఠంలో పెట్టేసి కదలనివ్వలేదు. వీళ్ళేం చేశారు? ఖాళీ చట్రాన్ని తిప్పారు! చట్రం, కొవ్వొత్తి, సువార్త గ్రంథం, అంతే, 1972 దాకా జనం ఆ ఖాళీ చట్రానికే దండం పెట్టారు. పోలండ్ కార్మిక నాయకుడు లెహ్ వావెన్సా 1983 నోబెల్ పతకం, 1981లో పోపు రెండో జాన్ పాల్ గారి మీద కాల్పులు జరిగినప్పుడు ఆయన కట్టుకున్న నెత్తుటి నడికట్టు కూడా ఇక్కడికే ఇచ్చారు. వీటి దగ్గర మా ఆయన ఎట్టకేలకు హీటర్ గొడవ మర్చిపోయారు.

భోజనం గురించి భయపడకండి. మేం వెళ్ళింది శుక్రవారం, అత్తయ్య మాంసం ముట్టరు, అక్కడి కేథలిక్కులదీ అదే నియమం కాబట్టి ఎవరికీ ఏమీ వివరించక్కర్లేకపోయింది. బంగాళాదుంప, జున్ను కూరిన పియెరోగి 26 జ్లోటీలు, బీట్‌రూట్ చారు 12. చప్పగా ఉన్నాయని సంచిలోంచి కారప్పొడి తీశారనుకోండి. మర్నాడు జురెక్ అనే సూప్ తాగారు, రై పిండి పులియబెట్టి చేస్తారు, లోపల సాసేజ్, గుడ్డు. మన తరవాణి పులుపే! రెండో గిన్నె కూడా అడిగారు, 22 చొప్పున 44 అయ్యింది, ట్రిప్ మొత్తంలో ఏడుపు లేకుండా ఇచ్చిన డబ్బు అదే.

రెండో రాత్రి ఆ గదిలో ఉండలేదు. మఠం పక్కనే యాత్రికుల వసతి గృహం ఉంది, ముగ్గురికీ 270 జ్లోటీలు తీసుకున్నారు, గది సాదాగా ఉంది, శుభ్రంగా ఉంది, వెచ్చగా ఉంది. తువ్వాళ్ళకి డబ్బు అడగలేదు. బుకింగ్ యాప్ వాళ్ళకి ఫిర్యాదు చేస్తే హీటర్ 60 తిరిగొచ్చింది, తువ్వాళ్ళ 45 రాలేదు, వాడని రాత్రికి పైసా ఇవ్వలేదు.

మీరు వెళ్తే తిన్నగా ఆ వసతి గృహానికే రాయండి. ఆగస్టు 15, 26 మరియమాత పండగల చుట్టుపక్కల మాత్రం మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు. 1711 నుంచీ వార్సా నుంచి నడిచి వచ్చే ఆనవాయితీ ఉంది, ఇంకా ఎన్నో ఊళ్ళ వాళ్ళు నడిచొస్తారు, ఆ రోజుల్లో గుడిలో నిలబడే చోటు కూడా కష్టమే.