ఇంగ్లాండ్ జనన, జనగణన రికార్డులు: చాలాకాలం వాడాక

మా మామగారిది లాంకషైర్‌లోని బర్న్‌లీ. ఆయన ముత్తాత అక్కడి నూలు మిల్లులో మగ్గం నడిపేవాడు. ఆ ఇంటి చరిత్ర కోసం కొన్నేళ్లుగా ఇంగ్లాండ్ రికార్డులు చూస్తున్నాను. అన్నిటికంటే నమ్మకంగా పనికొచ్చింది జనన, మరణాల రికార్డులు ఉంచే ప్రభుత్వ కార్యాలయం జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వారి ఆన్‌లైన్ ఇండెక్స్, అంటే పేర్ల సూచిక. అకౌంట్ తెరిస్తే చాలు, వెతకడానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఇంగ్లాండ్, వేల్స్‌లలో జననాల నమోదు 1837 జూలైలో మొదలైంది. పాత ఇండెక్స్‌లలో 1911 సెప్టెంబరు త్రైమాసికానికి (జూలై–సెప్టెంబరు) ముందు తల్లి వివరం లేదు. ఈ ఆన్‌లైన్ ఇండెక్స్‌లో మాత్రం మొదటినుంచీ తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంది. ఒకే ఊళ్లో ఒకే పేరుతో నలుగురు పిల్లలు కనిపిస్తే మనవాడెవరో తేల్చేది అదే. తల్లికి పెళ్లికాకపోతే ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఇంకొకటి, త్రైమాసికం లెక్క నమోదైన తేదీని బట్టే. డిసెంబరులో పుట్టిన బిడ్డ మరుసటి ఏడాది మార్చి త్రైమాసికంలో దొరకొచ్చు.

జనగణనల్లో 1841 నాటిది బాగా నిరాశపరుస్తుంది. పెద్దవాళ్ల వయసు చాలాచోట్ల కింది ఐదు గుణిజానికి తగ్గించి రాశారు (37 ఉంటే 35 అని), పుట్టిన ఊరు లేదు. 1851 నుంచి ఊరు, ఇంటి యజమానికి ఏమవుతారో కూడా ఉంటాయి.

నా మనసుకు దగ్గరైంది 1911 ఫారం. ఇంటి యజమాని చేత్తో నింపిన ఫారమే మనకు దొరుకుతుంది. ముత్తాత రాసింది చూడండి: పుట్టిన పిల్లలు 9, బతికున్నవాళ్లు 6, పోయినవాళ్లు 3. రెండు జనగణనల మధ్య పుట్టి పోవడంతో ఆ ముగ్గురూ ఏ జనగణనలోనూ లేరు. తల్లి ఇంటిపేరుతో జననాలు, వయసుతో మరణాలు వెతికితే ముగ్గురి పేర్లూ దొరికాయి. ఇద్దరికి మరణ వయసు 0 అని ఉంది, అంటే ఏడాది కూడా నిండలేదు. తన తాతకు ఆ తోబుట్టువులు ఉండేవారని మామగారికి అప్పుడే తెలిసింది. ఆ పేర్లు ఆయన తన డైరీలో రాసుకున్నారు.

చందా కట్టిన ఒక వెబ్‌సైట్ మాత్రం విసిగించింది. చేతిరాత సరిగ్గా చదవక ఇంటిపేరు మార్చేశారు. ఇంటిపేరు వదిలేసి, మొదటి పేరు, వయసు, పుట్టిన ఊరుతో వెతికితే దొరికింది. ఇంగ్లాండ్‌లోని చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఇలాంటి సైట్లు ఉచితంగా చూడొచ్చు. చందాకు ముందు అక్కడ ప్రయత్నించండి.

1921 జనగణన 2022లో బయటికొచ్చింది. 1931 నాటిది అగ్నిప్రమాదంలో కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల జరగలేదు. అందుకే ఆ తర్వాతి తరానికి 1939 రిజిస్టరే (యుద్ధం మొదలైనప్పుడు తయారుచేసిన జనాభా జాబితా) దిక్కు. రికార్డులోని వివరాలు చాలనుకుంటే, ఆ ఏడాదిది దొరికితే డిజిటల్ కాపీ అడగండి, కాగితం సర్టిఫికెట్ కంటే చవక.