మాట్లాడినవాళ్ల పేర్లా, స్టార్లా, చేతినిండా పనా? చిన్న తరగతుల్లో గోల అదుపు చేయడానికి ఏది మేలు?

బెత్తం సంగతి ముందే పక్కన పెట్టేద్దాం. పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. గోడకుర్చీ, గుంజీళ్లు కూడా దాని కిందికే వస్తాయి. అసలు చట్టం లేకపోయినా ఆరేళ్ల పిల్ల మీద చెయ్యెత్తడం తప్పే. మిగిలినవాటిలో ఏది మేలో చూద్దాం.

ఎక్కువ బడుల్లో కనిపించేది లీడర్ పద్ధతి. టీచర్ అటు వెళ్లగానే లీడర్ బోర్డు మీద 'మాట్లాడినవాళ్లు' అని రాసి కింద పేర్లు ఎక్కిస్తాడు. మళ్లీ నోరు విప్పితే పేరు పక్కన ఇంటూ మార్కు. పైసా ఖర్చు లేకుండా క్లాసు చటుక్కున సద్దుమణుగుతుంది. ఇద్దరు టీచర్లే ఐదు తరగతులు లాగే బడిలో దీన్ని ఎందుకు వాడతారో నాకు తెలుసు. కానీ ఆ జాబితాను ఓ వారం గమనించండి, రోజూ అవే పేర్లు. లీడర్ జతగాడి పేరు ఎక్కదు, నిన్న బలపం ఇవ్వనివాడి పేరు ముందు ఎక్కుతుంది. "టీచర్, నేను మాట్లాడలేదు, వీడే నన్ను గిల్లాడు" అనే పంచాయితీ తీర్చేసరికి పాఠం సగం పోతుంది. రోజూ పేరెక్కే పిల్లాడు కొన్నాళ్లకు అల్లరోడిగానే స్థిరపడిపోతాడు. ఈ పద్ధతి పూర్తిగా మానేయాలి.

స్టార్లు, చాక్లెట్లు అంతకంటే చాలా నయం. కొత్త అలవాటు నేర్పేటప్పుడు కొద్దిరోజులు బాగా పనికొస్తాయి. ఆ తర్వాతే చిక్కు. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ నర్సరీ పిల్లల మీద చేసిన ప్రయోగం ఇక్కడ చెప్పుకోవాలి. బొమ్మలు వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలకు తర్వాత బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు తగ్గలేదు. అందుకే ఇస్తే ముందు ఆశపెట్టకుండా ఇవ్వండి. "పక్కవాడికి పలక ఇచ్చావు, బాగుంది" అని ఏం చేశాడో చెప్పి మెచ్చుకుంటే ఇంకా మంచిది.

నేను ఎంచుకునేది మూడోదాన్ని. గోల ఎక్కడ పుడుతోందో కనిపెట్టి అక్కడ పని పెట్టడం. చాలాసార్లు అది పుట్టేది పలకలు దిద్దించుకునే చోట. ముప్పైమంది టీచర్ టేబుల్ చుట్టూ మూగుతారు, వెనకవాడు తోస్తాడు, ముందువాడి పలక జారుతుంది, ఏడుపు మొదలు. అందులో పిల్లల తప్పేముంది? ఊరికే నిలబెట్టింది మనం. అదే టీచర్ వరుసల మధ్య తిరుగుతూ దిద్దితే, ముందు రాసేసినవాళ్లకు కిటికీ పక్కన బొమ్మల పుస్తకాలు ఉంటే, సగం గోల అక్కడే ఆగిపోతుంది. దానికి తోడు ఓ గుర్తు: టీచర్ రెండు చప్పట్లు కొడితే పిల్లలు మూడు కొట్టి చేతులు కట్టుకోవడం. బోర్డు తుడవడం, పుస్తకాలు పంచడం, భోజనానికి ముందు చేతులు కడిగే వరుస చూడటం లాంటి పనులు పిల్లల మధ్య వారం వారం మారాలి. మొదటి వారం అందరికంటే ఎక్కువ అల్లరి చేసేవాడికే ఇవ్వండి.

దీనికి ఓపిక కావాలి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారాల్లో పాఠం కాస్త వెనకబడినా ఇవే సాధన చేయించాలి. దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ గుర్తుచేయాలి.

అయినా ఒకరిద్దరు కుదురుగా కూర్చోకపోతే ముందు వరుసలోకి మార్చి చూడండి. బోర్డు కనిపిస్తోందా, మాట వినిపిస్తోందా, పొద్దున ఏమైనా తిన్నారా అని అడగండి. ఇంటికి కబురు పంపడం ఆ తర్వాతే.